తోక దగ్గరి రేకు

"ఆ రేకు రంగు అది కాదండీ."

సిక్స్టెన్ తలెత్తి చూశాడు. బల్లకు అవతల ఒక ముసలాయన, తడిసిన టోపీ చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఊళ్లో ఎన్నడూ చూసిన మొహం కాదు.

"ఏ రేకు?"

"తోక దగ్గర, కుడి పక్కది. మీ బొమ్మలో గోరంత ఉంటుంది."

చర్చి పక్క హాల్లో ఏటా ఏప్రిల్‌లో జరిగే బొమ్మ విమానాల, ఓడల ప్రదర్శన అది. అందరి బల్లలూ నిండి ఉన్నాయి. పోస్టాఫీసులో పనిచేసి రిటైరయిన సిక్స్టెన్ బల్ల మీద మాత్రం ఒక్కటే విమానం.

ఎనిమిది నెలల పని. ముందు నల్ల రంగు నిగనిగలాడేలా పూశాడు. దాని మీద వెండి రంగు, పొర మీద పొర. అసలు లోహంలా కనిపించాలంటే ఏ రెండు రేకులూ ఒక్క ఛాయలో ఉండకూడదు. ఇంజను వేడికి కాలిన తోక దగ్గర ఎండుగడ్డి రంగు, దాని వెనక గోధుమ, చిట్టచివర కాస్త నీలం.

బహుమతి కోసం చేసింది కాదు. వీధి చివర ఉండే మేర్తా గారి కోసం.

వైమానిక దళంలో పైలట్‌గా ఉన్న ఆవిడ అన్న ఎస్కిల్ యాభై రెండేళ్ల కిందట, ఒక గురువారం పొద్దున, ఈ విమానం ఎక్కి సముద్రం మీదికి వెళ్లాడు. తిరిగి రాలేదు. విమానమూ దొరకలేదు, మనిషీ దొరకలేదు. పువ్వులు పెట్టడానికి సమాధి కూడా లేదు.

"వాడు చివరిసారి ఎక్కినప్పుడు అది ఎలా ఉందో అలాగే చెయ్యి నాయనా. ఒక్క అబద్ధం ఉండకూడదు," అని అడిగింది మేర్తా గారు. చర్చిలో అన్న పటం పక్కన పెట్టిస్తుందట. నాలుగింటికి చూడడానికి వస్తోంది.

ఇప్పుడు రెండయింది.

సిక్స్టెన్ తాను చూసి రంగులు వేసిన పాత ఫోటోను సంచిలోంచి తీసి ముసలాయన ముందు పెట్టాడు.

"చూడండి. ఈ విమానమే. నంబరు కూడా కనిపిస్తోంది. రేకులన్నీ మాసిపోయి ఉన్నాయి. నేను సొంతంగా ఒక్క చుక్క వెయ్యలేదు."

ముసలాయన ఫోటోను ముట్టుకోలేదు.

"ఇది మంగళవారం తీసింది."

"అయితే?"

"ఆయన వెళ్లింది గురువారం. ఆ పొద్దున ఆ రేకు కొత్తది. వంగితే మొహం కనిపించేది."

"మీరు చూశారా?"

ముసలాయన చూపు విమానం మీదికి తిప్పుకున్నాడు. టోపీ అంచు నలుపుతూ ఉండిపోయాడు.

పక్క బల్ల మీద ఓడలు పెట్టుకున్న రూనె, దాల్చినచెక్క బన్ను నములుతూ అందుకున్నాడు.

"చూడకేం! ఇక్కడికొచ్చే ప్రతివాడూ చూసినవాడే. పోయినేడు ఒకాయన, యుద్ధంలో ఈ ఓడ రంగు నా కళ్లతో చూశానన్నాడు. లెక్కేస్తే అప్పటికింకా తల్లి కడుపులో ఉన్నాడు!"

చుట్టూ ఉన్న నలుగురూ నవ్వారు. నవ్వకూడదనుకుంటూనే సిక్స్టెన్ కూడా నవ్వాడు.

"ఏమీ అనుకోకండి పెద్దాయనా. అందరి మాటా వింటే దీనికి ఇంద్రధనస్సు రంగులు వెయ్యాలి. నాకు ఫోటోనే ప్రమాణం."

"నిజమేలెండి." ముసలాయన నెమ్మదిగా అడిగాడు. "ఆయన చెల్లెలు ఉన్నారట కదా. చూస్తారా దీన్ని?"

"ఆవిడ కోసమే చేశాను. దయచేసి ఆవిడకి ఇలాంటివి చెప్పకండి. ఈ వయసులో ఆవిడ మనసు కష్టపెట్టడం ఎందుకు?"

ముసలాయన తల దించుకున్నాడు.

"చెప్పను," అన్నాడు. "పని చాలా బాగా చేశారు. చాలా బాగుంది."

వెళ్లిపోయాడు.

కిటికీలోంచి బస్టాపు కనిపిస్తోంది. మంచూ వానా కలిసి పడుతున్నాయి. ముసలాయన టోపీ పెట్టుకోవడం కూడా మరిచిపోయి నిలబడ్డాడు. సిక్స్టెన్ మనసు చివుక్కుమంది. దూరం నుంచి వచ్చినట్టున్నాడు, కూర్చోబెట్టి ఒక కాఫీ అయినా ఇవ్వాల్సింది. దేవుడి ఇంటి పక్కనే కూర్చుని ఇదేం మర్యాద?

లేవబోయేలోపే బస్సు వచ్చి వెళ్లిపోయింది.

నాలుగింటికి మేర్తా గారు చేతికర్రతో వచ్చింది. విమానాన్ని చాలాసేపు చూసింది. కళ్లు తుడుచుకుంది.

"బతికుండు నాయనా," అంది. తర్వాత హాలంతా కలయజూసి, "నా కోసం ఎవరైనా వచ్చారా?" అని అడిగింది.

"మీ కోసమా? లేదే. ఎవరు రావాలి?"

"పేపర్లో నాలుగు ముక్కలు వేయించాను, ఇక్కడికి రమ్మని. ఎవరూ రారేమోనని నీకు చెప్పలేదు." ఆవిడ కుర్చీలో కూలబడింది. "విచారణ కాగితాలు ఇన్నేళ్లకు బయటపెట్టారు, సిక్స్టెన్. పక్షులు ఇంజన్లో పడ్డాయని మా అన్న రేడియోలో చెప్పాడట. అదే ఆఖరి మాట. దేవుడు ఎగరమంటే ఎగిరాయి, వాటిని ఏమని తిట్టను? కానీ పై అధికారులు అప్పుడు ఆ మాట దాచేశారు. అది తెలియక ఒకడు మిగిలిపోయాడు."

"ఎవరు?"

"మెకానిక్కు. ఇరవై ఒక్కేళ్లవాడు. నా చేతి పని వల్లే ఆయన పోయాడని రాసిచ్చి, ఆ వారమే ఉద్యోగం మానేశాడు. కాగితాల్లో పేరు నల్లసిరాతో కొట్టేశారు. నీ తప్పేం లేదు బాబూ అని వాడికి చెప్పి గాని కన్నుమూయకూడదని నా ప్రార్థన."

సిక్స్టెన్ కిటికీలోంచి ఖాళీ బస్టాపు వైపు చూశాడు.

"చేతి పని అంటే... ఏం చేశాడట?"

మేర్తా గారు అద్దాలు సవరించుకుని, బల్ల మీదికి వంగి, తోక దగ్గర కుడి పక్కన వేలు పెట్టి చూపించింది.

"ఆ పొద్దున ఇక్కడ కొత్త రేకు బిగించింది అతనేనట."