ఆరో మంచం

తలకింద పెట్టుకున్న సంచి జిప్పు తెరిచి ఉంది.

వినీల గబుక్కున లేచి కూర్చుంది. అడుగుదాకా చెయ్యి పెట్టి తడిమింది. చీరలున్నాయి, దువ్వెనుంది, బైబిలుంది. నిద్రమాత్రల అట్ట లేదు.

సంచి బోర్లించి మళ్ళీ వెతికింది.

వరండా చివర అమలమ్మ జావ గిన్నెలు సర్దుతోంది. తలెత్తి ఇటే చూసింది. ఏమీ ఎరగనట్టు మళ్ళీ తల దించుకుంది.

కంకిపాడు దాటాక, కాలవ పక్కన ఉన్న ఆ డీ-అడిక్షన్ సెంటరుకి వినీల వచ్చి ఆరు రోజులైంది. తన కోసం కాదు. మొగుడు జాన్ పాల్ తాగుడు మాన్పించడానికి. అతను మగవాళ్ళ వార్డులో. ఈమె ఆడవాళ్ళ వార్డు వరండాలో, చాప మీద. పేషెంటుకి మంచం, తోడొచ్చిన మనిషికి చాప. అదీ అక్కడి పద్ధతి.

జాన్ పాల్‌కి వణుకు తగ్గింది. నిన్న అన్నం సయించింది.

వినీల మాత్రం రోజుకి నాలుగు మాత్రలు మింగుతోంది. ఆ సంగతి అతనికి తెలీదు. పామర్రులో ఉన్న అత్తకి అసలే తెలీకూడదు.

"వాడొక్కడంటే సర్లే. నీలో కూడా ఏదన్నా తేడా కనబడితే పిల్ల నా దగ్గరే పెరుగుద్ది" అని అత్త బస్సు దగ్గరే చెప్పింది. నాలుగేళ్ళ శాలిని అప్పటికే ఆవిడ చంకలో ఉంది.

వినీల వచ్చేనాటికే అమలమ్మ అక్కడుంది. అందరికన్నా ముందు లేచి వరండా ఊడ్చేది. లేవలేని ఆడవాళ్ళకి జావ తాగించేది. గిన్నె పట్టుకుంటే చేతులు వణికేవి. ఈ వయసులో ఆయా పనేంటో పాపం, అనుకుంది వినీల.

"మీది పామర్రేగా? మీ అత్తని నేనెరుగుదును. ప్రార్థన కూటాల్లో కలుస్తాం" అని ఆమె అన్న దగ్గర్నుంచి, జాలి పోయి భయం పట్టుకుంది.

ఇప్పుడు వెళ్ళి ఆమె ఎదుట నిలబడింది.

"నా సంచి తీశారా?"

"తీశా."

"అట్టేదీ?"

"నా కాడుంది. డాక్టరుగారికిస్తా. రోజుకెన్ని వేస్తన్నావ్?"

"నిద్ర పట్టనప్పుడు ఎప్పుడన్నా ఒకటి..."

"ఆ కబుర్లు నాకు చెప్తన్నావా? నాలుగు. చూస్తానే ఉన్నా."

వినీల అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది.

"చెప్పకండి. మీ కాళ్ళు పట్టుకుంటా. మా అత్త నా పిల్లని లాగేసుకుంటది."

"చెప్పకపోతే నువ్వే పోతావ్. మీ ఆయన ఒక్కడూ బాగైతే ఏం లాభం? ఒక గట్టున గండి పూడ్చి రెండో గట్టున వదిలేస్తే, కాలవలో నీళ్ళాగుతాయా?"

"మా సంగతి మీకేం తెలుసండీ?"

అమలమ్మ గిన్నెలు బోర్లించి లేచింది.

వినీల తిన్నగా నర్సు భానుశ్రీ దగ్గరికి పోయింది.

"ఆ అమలమ్మ నా సంచిలో చెయ్యి పెట్టిందండీ. నా చెవిదిద్దులు పోయినయ్యి. దొంగబుద్ధి మనిషిని ఇక్కడెట్లా ఉంచుతున్నారు?"

దిద్దులు తన కొంగున ముడేసి ఉన్నాయి.

"అమలమ్మగారా?" భానుశ్రీ నోరు తెరిచింది. "ఆమె అట్లాంటిది కాదే! సరే, డాక్టరుగారు రానివ్వండి."

డాక్టర్ సంజీవరావు వచ్చేసరికి పదైంది. పొద్దుటి మాత్ర పడక వినీలకి చెమటలు పడుతున్నాయి. చర్మం కింద చీమలు పాకుతున్నట్టుంది. కిటికీ ఊచలు పట్టుకుని డాక్టరు గదిలోకి చూసింది.

అమలమ్మ ఆయన ఎదుట నిలబడి ఏదో బతిమాలుతోంది. ఆయన అడ్డంగా తల ఊపాడు. ఆమె మళ్ళీ బతిమాలింది. ఆయన మళ్ళీ ఊపాడు. చివరికి ఆమే బల్లమీది కాగితం లాక్కుని సంతకం పెట్టేసింది.

పని పోయినట్టుంది. హమ్మయ్య అనుకుంది వినీల. ఆ వెంటనే నోరు చేదైంది.

అమలమ్మ గుడ్డసంచి చంకన పెట్టుకుని వచ్చింది. వినీల మొహం తిప్పుకుంది.

"దిద్దులు పెట్టుకో అమ్మాయ్. బోసిచెవులు బాలేవు" అంది అమలమ్మ. రెండడుగులు వేసి ఆగింది. "భయపడమాక."

గేటు దగ్గర షేర్ ఆటో ఆగింది. ఎక్కింది. పోయింది.

"వినీలగారూ, లోపలికి రండి" అని భానుశ్రీ పిలిచింది.

డాక్టరు గదిలో జాన్ పాల్ కూర్చుని ఉన్నాడు. బల్లమీద మాత్రల అట్ట.

వినీల గోడ పట్టుకుంది.

"ఎన్నాళ్ళ నుంచి?" అన్నాడు జాన్ పాల్.

"మీరు ఇంటికి రాని రాత్రుళ్ళ నుంచి. మూడేళ్ళు."

అతను పక్కనున్న కుర్చీ ఆమె వైపు జరిపాడు.

"మా అమ్మతో నేను మాట్లాడతా. పిల్లెక్కడికీ పోదు. నువ్వు ముందు కూర్చో."

"ఇవి ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ వస్తాయమ్మా" అన్నాడు డాక్టరు. "మెల్లగా తగ్గించాలి. ఇవాళ్టి నుంచి నువ్వూ పేషెంటువే. ఇంటికి ఇద్దరూ కలిసే వెళ్దురుగాని."

"ఆడవాళ్ళకి మంచాల్లేవు, మూడు వారాలు ఆగాలని మొన్నెవరికో చెప్పారుగా సార్?"

"పొద్దుటిదాకా లేవు."

ఆయన కొత్త కాగితం తీసి ఆమె పేరు రాశాడు.

ఆడవాళ్ళ వార్డులో ఉన్నవే ఆరు మంచాలు. ఆరో దాని మీద భానుశ్రీ దుప్పటి మారుస్తోంది.

"ఇదెవరిదండీ?" అంది వినీల.

"అమలమ్మగారిది."

"ఆయాకి కూడా మంచం ఇస్తారా?"

భానుశ్రీ చెయ్యి ఆగిపోయింది.

"ఆయా ఏంటండీ? ఆమె పేషెంటు. తాగుడు మానడానికొచ్చింది. ముందు రెండుసార్లు ఒక్కతే వచ్చి బాగై వెళ్ళింది. ఇంటికెళ్తే మొగుడు మళ్ళీ గ్లాసు పోసి ముందు పెట్టాడు. ఆయన్నీ రమ్మంటే రాడు. ఇవాళ్టికి తొమ్మిదో రోజు. నెల్లాళ్ళు ఉండాల్సిన మనిషి, 'నా మంచం ఆ పిల్లకివ్వండి, వాళ్ళన్నా ఇద్దరొచ్చారు' అని సంతకం పెట్టి, ఆ ఇంటికే వెళ్ళిపోయింది."