ఒకటో సైజు

"గా ఆఖరి లైను ఇంక చిన్నగ జెయ్యి," అన్నాడు అంజయ్య, కంప్యూటర్ తెరను వేలితో పొడుస్తూ.

భవిత కీబోర్డు మీంచి చేతులు తీసేసింది. మేడ్చల్‌లో ఆమె నడిపే నెట్ సెంటర్ అంజయ్య అద్దెకిచ్చిన కొట్టులో, అతని మడిగెలోనే ఉంది. అతను ఆమెకు వరసకు మామ కూడా. ఆ పెత్తనంతోనే తన పేరు మీద ఒక వెబ్ పేజీ చేయించుకుంటున్నాడు. పైన తన ఫోటో. దాని కింద, అలియాబాద్ దాటాక తను వేసిన ప్లాట్ల గొప్పలు. అట్టడుగున ఆ లైను: ప్లాట్లు చెరువు శిఖంలో ఉన్నాయి, చెరువు నిండితే నీళ్లొస్తాయి.

ఆ మాట పేజీలో ఉండి, కొనేవాడు పేజీ చూశాకే సంతకం పెడితే, రేపు ఎవడూ మోసమని కోర్టుకెక్కలేడని వకీలు చెప్పాడట. అందుకని అది ఉండాలి. కనపడకూడదు.

పేజీలో అక్షరాలకు ఏడు సైజులు. భవిత అన్నిటికీ నాలుగు పెట్టింది. అంజయ్య తన పేరుకు ఏడు పెట్టించాడు, ప్లాట్లకు ఆరు. ఆఖరి లైనును మూడుకు దించాడు, రెండుకు దించాడు. ఇప్పుడు ఒకటి కావాలంటున్నాడు.

"ఒకటి పెడితే నాకే కనపడదు మామా. ముసలోళ్లెట్ల సదువుతరు?"

"సదువుమని ఎవలన్నరు? నా గిరాకి మొత్తం రిటైరైన సార్లే. ఒక్కొక్కని కండ్లద్దాలు సోడాబుడ్లంత ఉంటయ్. అందుకే గాళ్లనే ఏరి పట్కొస్తున్న."

ఆమె ఊరుకోలేదు. బతుకంతా అద్దె ఇళ్లలో ఈడ్చినవాళ్లను తీసుకుపోయి నీళ్లలో ముంచడానికి సిగ్గులేదా అని మొహం మీదే అడిగేసింది. అంజయ్య లేచి షటర్ సగం కిందికి గుంజాడు. మిగతా సగం కూడా గుంజాలా అన్నాడు. తన మడిగెలో కూర్చొని తనకే నీతులు చెప్పే పిల్ల రేపట్నుంచి రోడ్డు మీద చెప్పుకోవచ్చన్నాడు.

భవిత పళ్లు బిగబట్టి ఒకటి పెట్టింది.

అంజయ్య తెరకు ముక్కు ఆనించి చూశాడు. చీమలు పాకినట్టుంది. షటర్ లేపి, బయట జీపులో కూర్చోబెట్టిన వెంకటరామయ్యను లోపలికి పిలిచాడు.

వెంకటరామయ్య రైల్వేలో రిటైరయ్యాడు. కుత్బుల్లాపూర్‌లో అద్దెకుంటున్నాడు. సంతకం పెట్టాల్సిన కాగితాలు చంకలో ఉన్నాయి. మందపాటి కళ్లద్దాలు తుడుచుకుంటూ కుర్చీలో కూర్చున్నాడు. భవిత "సార్, జర కిందికి..." అనబోయింది. అంజయ్య ఆమె భుజం పట్టి పక్కకు జరిపాడు.

"నువ్వు పోయి చాయ్ చెప్పుపో."

ఆమె గుమ్మం దగ్గరే ఆగిపోయింది. అతని మీద కన్నా తన మీద తనకే ఎక్కువ మంటగా ఉంది.

వెంకటరామయ్య మౌస్ పట్టుకున్నాడు. పేజీ వంక చూడకుండానే పైన ఒకచోట నొక్కాడు, దాని కింద ఇంకోచోట నొక్కాడు. తర్వాత నిదానంగా అడుగుదాకా జరిపాడు.

"చూపు ఆనదు కదండీ, ఏ పేజీ తెరిచినా ముందు అక్షరాలన్నీ పెద్దవి చేసుకోవడం నాకు అలవాటు," అన్నాడు అంజయ్య వైపు తిరిగి. "శిఖం అంటే చెరువు లోపలేనా అండీ?"