ఎవరన్నారు, ఎప్పుడన్నారు

“‘అడ్జస్ట్’ అన్న ఒక్క మాటకి ఏడు అర్థాలా? ప్రెస్సువాడు గుమ్మంలో కూర్చున్నాడు, నా ప్రాణం తియ్యకమ్మా!” నిఘంటువు సంపాదకుడు విసుక్కున్నాడు.

“ఏడూ రోజూ వినేవే సార్,” అంది సహాయకురాలు.

ఆయన చీటీలు తిరగేశాడు. ప్రతి అర్థం కిందా ఒక ఉదాహరణ, పక్కన అది ఎవరన్నారో, ఎప్పుడన్నారో రాయాలి. ఆ నియమం ఆయన పెట్టిందే.

సర్దుకోవడం: ‘కుర్చీ వచ్చేదాకా ఈ స్టూలు మీద అడ్జస్టవ్వు.’

సాయపడటం: ‘ఆదివారం కూడా వచ్చి కాస్త అడ్జస్ట్ చెయ్యమ్మా.’

వదులుకోవడం: ‘పుస్తకం మీద నీ పేరు వెయ్యలేం, ఈసారికి అడ్జస్టయిపో.’

ఏడింటి పక్కనా ఆయన పేరే ఉంది. మొదటి తేదీ ఆరేళ్ల కిందటిది. ఆఖరిది ఇవాళ ఉదయానిది.

“నీకింకెవరూ దొరకలేదా?”

“రోజంతా నాతో మాట్లాడేది మీరే కద సార్.”

ఆయన చూపు ఆమె స్టూలు మీదికి పోయింది. దాని పొట్టి కాలి కింద పాత ప్రూఫు కాగితాలు మడిచి పెట్టి ఉన్నాయి. ఇన్నాళ్లూ ఆయన వాటిని చూడనేలేదు.

“సరే, చీటీలు ఉండనీ. నా పేరొక్కటి కొట్టేసి, కాస్త అడ్జ…”



ఆమె ఖాళీ చీటీ ముందుకు లాక్కుని తేదీ వేసింది.

“చెప్పండి సార్, రాసుకుంటున్నాను.”