స్కానింగు దాకా వచ్చిన సంబంధం

పెళ్ళిచూపుల్లో కాఫీ అందిస్తున్న నా కూతురు సౌజన్య ముంజేతి మీది మచ్చ పెళ్ళికొడుకు తండ్రి కంట పడింది. చిన్నప్పుడు కామెర్లొస్తే మా అమ్మ కాల్చి పెట్టించిన వాత అది.

"లివరు గట్టిపడి ఉంటుంది. స్కానింగు చూశాకే మాటలు" అన్నాడాయన. కామెర్లు అప్పుడే తగ్గిపోయాయన్న నా మాట నమ్మక, కొడుకుతో సహా గుంటూరు స్కానింగు సెంటరుకి వచ్చి కూర్చున్నాడు.

డాక్టరమ్మ తలుపు తీసి, "మచ్చల్లేవు పెద్దాయనా, లివరు నున్నగా ఉంది!" అంది. దేవుడా, నా కాళ్ళు నేల మీద నిలవలేదు!

"ఇంకేం బావగారూ, ముహూర్తం పెట్టించండి" అన్నాడాయన.

సౌజన్య పొట్ట మీది జెల్లు తుడుచుకుని బయటికొచ్చింది. "ముందు మీ అబ్బాయిని కూడా పడుకోమనండి మామయ్యగారూ."

"మగపిల్లాడికెందుకమ్మా?"

"భయం లేదండీ. జెల్లు కాస్త చల్లగా ఉంటుంది, అంతే."

మందు వాసన తెలియకుండా పొద్దుటి నుంచీ వక్కపొడి నములుతూనే ఉన్న పెళ్ళికొడుకు గబగబా మెట్లు దిగిపోయాడు. వెనకే తండ్రీ.

నా తల్లే, నా బంగారమే! వినుకొండ బస్సెక్కే ముందు లడ్డూలు కొన్నాను. ఊళ్ళో దిగగానే పక్కింటి యలమంద ఎదురొచ్చాడు.

"ఏం బాబాయ్, సంబంధం కుదిరిందా?"

"తప్పిందిరా! నోరు తెరువు, లడ్డూ తిను."