గేదె మెచ్చిన ముఖచిత్రం

‘మెరుపుదొర’ కామిక్స్ మొదటి సంచికకు చేత్తో వేసిన అసలు ముఖచిత్రం రేపల్లెలో దొరికింది. కుసుమకుమారి గారి గొడ్లచావిట్లో, జల్లు కొట్టకుండా మేకులతో బిగించి ఉంది. ఏళ్లుగా వెతుకుతున్న నాకూ, నా స్నేహితుడు రిజ్వాన్‌కీ కళ్లలో నీళ్లు తిరిగాయి.

“తీసుకెళ్లండి బాబూ. కానీ దూడ పోయినప్పటినుంచీ మా గేదె ఆ బొమ్మను చూస్తేనే పాలు చేపుతుందండి. చేపకపోతే బొమ్మ వెనక్కి పెట్టెయ్యాలి మరి,” అంది ఆవిడ.

బొమ్మ ఊడదీసి, అక్కడ జిరాక్సు అతికించాం. గేదె వాసన చూసి తుమ్మింది.

మర్నాడు తెనాలి నుంచి ఎర్రటోపీ, నల్లముసుగు తెచ్చుకుని, అచ్చం మెరుపుదొరలా గేదె ముందు నిలబడ్డాను. అది మొహం తిప్పుకుంది.

ఆవిడ చెంబు కింద పెట్టింది. “అది చూసేది దొరని కాదండి, ఆయన ఎక్కిన గుర్రాన్ని.”

రిజ్వాన్ చొక్కా చేతులు మడిచి, నా ముందు వంగాడు.