నోరు విప్పిన ఆదివారం

ఈ ఆదివారం పటాన్‌చెరు హాలులో కుర్చీలు చాలలేదు.

మొరాయించిన మిషన్‌ని దారికి తెచ్చే తెలివి ఒక్కో మెకానిక్ తలలో దాగి ఉంటుంది. ఆ తెలివినీ మా కాలేజీ పరిశోధననూ ఒక్కచోట కూర్చాలని రెండేళ్ల క్రితం నేనీ వేదిక పెట్టాను. ఎవరొచ్చారు గనక! మేనేజర్లయితే "మా గుట్టు పక్క కంపెనీకి చెప్పమంటారా?" అని నన్ను గేటు దాటనివ్వలేదు. వచ్చిన నలుగురూ చాయ్ తాగి, "బయట చెప్తే నౌకరీ పోతది మేడం" అంటూ లేచిపోయేవాళ్లు.

ఇవాళ మాత్రం గడ్డపోతారం ఫ్యాక్టరీ బాయిలర్ మెకానిక్ మొగులయ్య నా చేతిలోంచి చాక్‌పీసు లాక్కుని, తమ బాయిలర్ బొమ్మతో బోర్డంతా నింపేశాడు. కాజీపల్లి ఫ్యాక్టరీ వాళ్లు లేచి, "గట్ల కాదే, మేమైతే గిట్ల చేస్తుంటిమి" అని వాదనకు దిగారు. నేను రాసుకోలేక సతమతమయ్యాను. ఢిల్లీ సదస్సులో చదవబోయే పేపరు అప్పుడే కళ్ల ముందు కనిపించింది.

"మొత్తానికి మీ మేనేజర్లు ఒప్పుకున్నారన్నమాట!" అన్నాను సంబరంగా.



"ఒప్పుకునేటందుకు వాళ్లేడున్నరు మేడం?" అన్నాడు మొగులయ్య. "మా కంపెనీ మూసిండ్రు, వీళ్లది మూసిండ్రు. ఇగ పోయేటందుకు నౌకరీ ఏడుంది?"

నా పెన్ను ఆగిపోయింది. అతను మళ్లీ బోర్డు వైపు తిరిగాడు.

"జెర జల్దీ రాసుకోండ్రి. రేపు పొద్దుగాల ఆ బాయిలర్‌ను పాత ఇనుము కింద కోస్తరంట."