ఛైర్మన్ గారి పక్షం

"ఆ ఛైర్మన్‌ని ఏమీ అనకు" అంది కాజాల మామ్మ, తలెత్తకుండానే.

టైలరమ్మ కత్తెర ఆపింది. గోడమీది టీవీ సీరియల్‌లో కొరియా కంపెనీ ఛైర్మన్ ఒకాయన, కొడుకు ప్రేమించిన పిల్ల మొహాన అప్పుడే గ్లాసుడు నీళ్లు కొట్టాడు. ఆ పిల్ల తడిసిన జుట్టుతో అలాగే నిలబడిపోయింది.

"నీళ్లు కొట్టినవాణ్ణి వెనకేసుకొస్తావేంటి మామ్మా?"

"మంచినీళ్లేగా. కోపమొస్తే అరుస్తాడు, అంతే. మనసులో ఏమీ పెట్టుకోడు."

"పక్కింట్లో కాపురమున్నట్టు చెప్తున్నావ్."

మామ్మ ఒళ్లో చొక్కా సర్దుకుని గుండీ కాజా కుట్టుకుంటూ కూర్చుంది.

అది పాతబట్టలు సరిచేసే కొట్టు. పొడుగైన ప్యాంట్లు, పాడైన జిప్పులు, ఒళ్లు చేసినవాళ్ల చొక్కాలు వస్తుంటాయి. భర్త పోయాక ఇంట్లో కూర్చోలేక మామ్మ నిరుడు ఇక్కడ పనికి చేరింది. కొట్టు టైలరమ్మది, టీవీ టైలరమ్మది, రిమోటూ ఆవిడదే. ఆవిడకి డ్రామాల పిచ్చి. కొరియావాళ్లు కథ సాగదీయరు, వానలో గొడుగు పట్టడంలో వాళ్ల తర్వాతే ఎవరైనా, కానీ చివరికొచ్చేసరికి "ఏడాది తర్వాత" అని ఒక ముక్క వేసి చేతులు దులిపేసుకుంటారని ఆవిడ అభిప్రాయం. చైనావాళ్ల బట్టలకి మాత్రం దణ్ణం పెట్టాలంటుంది. ఆ చేతులకి ఎంత గుడ్డ పట్టిందో లెక్కగట్టేలోపు కథ సగం అయిపోతుంది. కాకపోతే వెయ్యేళ్లు బతికిన దేవుడు కూడా ప్రేమిస్తున్నానని ఒక్క ముక్క చెప్పలేడు, చెప్పేసరికి ఆ పిల్ల కొండమీంచి దూకేస్తుంది.

మామ్మ అభిప్రాయాలు వేరు. గొడుగులొస్తే "ముందుకి జరుపు" అంటుంది. కొరియా కథలో ఛైర్మన్ పక్షం, చైనా కథలో మంత్రి పక్షం. ఆ మంత్రి రాకుమారులకి వరసపెట్టి విషం పెట్టించినా, "పాపం, ఆయనకెవరున్నారు?" అంది.

ఈ మధ్య వచ్చినవేవీ ఆవిడకి నచ్చవు. మొన్నొక కొత్తది పెడితే కాసేపు విని పెదవి విరిచింది.

"పస లేదమ్మా. ఆ జడ్జి ఎవరో గానీ, బొత్తిగా బాలేదు."

"ఎవరో ఏంటి? నీ ఛైర్మనే. ఆ నటుడే ఇందులో జడ్జి."

"ఈయన కాదు."

"ఆయనే మామ్మా. కావాలంటే మొహం చూడు."

"మొహానికేం. మనిషి మారిపోయాడు."

ఇంకో అలవాటు కూడా ఉంది. కథలో ముసలాయనకి దగ్గు మొదలైనా, గుండె పట్టుకున్నా, మామ్మ ఫ్లాస్కు తీసుకుని వేడినీళ్లకి లేచిపోతుంది. ఆయన పోయి, ఏడుపులన్నీ అయ్యాకే తిరిగొస్తుంది. ఎప్పుడూ ఆ వేడినీళ్లేంటని టైలరమ్మ ఒకసారి అడిగింది.

"మా ఆయనకి అలవాటు. రోజంతా అరిచే ఉద్యోగం. సాయంత్రం ఇంటికొచ్చేసరికి మాట పెగిలేది కాదు."

బస్సు కండక్టరై ఉంటాడనుకుని టైలరమ్మ ఊరుకుంది.

ఇవాళ ఛైర్మన్ కథలో ఆఖరి భాగం మిగిలింది. ఈ రోజుతో దాన్ని యాప్‌లోంచి తీసేస్తున్నారని తెర మీద అక్షరాలు పడ్డాయి.

"చివరిదైనా కొరియన్‌లోనే చూద్దాం మామ్మా. ఈ డబ్బింగ్‌తో చస్తున్నాను. పెదాలు ఒకటంటాయి, మాటలు ఒకటి వినబడతాయి." టైలరమ్మ రిమోట్ నొక్కింది. ఛైర్మన్ కొరియన్‌లో ఏదో అన్నాడు.

మామ్మ సూది ఆగింది.

"తెలుగులో పెట్టు."

"కింద అక్షరాలొస్తాయిగా. కూడబలుక్కుని చదువుతావుగా నువ్వు."

"చదువుతాను. అయినా తెలుగులో పెట్టమ్మా. రేపట్నుంచి ఉండదుగా ఇది."

చేరినప్పట్నుంచి మామ్మ ఒక పూట సెలవు కూడా అడిగిన మనిషి కాదు. టైలరమ్మ విచిత్రంగా చూసి, తెలుగుకి మార్చింది.

"ఆ ముసలాయన మీద మనసు పడ్డావు. చెప్పవు గానీ."

"పడ్డానులే" అంది మామ్మ.

ప్యాంటు కోసం ఒకాయన వస్తే కాసేపాగి రమ్మని పంపేసింది టైలరమ్మ. తెర మీద ఛైర్మన్ ఆస్పత్రి మంచం మీద ఉన్నాడు. ఇక మామ్మ లేస్తుందని కాళ్లు పక్కకి జరిపి దారి ఇచ్చింది. మామ్మ లేవలేదు. ఫ్లాస్కు ఆవిడ పక్కనే ఉంది.

ఛైర్మన్ తన భార్యని దగ్గరికి పిలిచాడు. "నువ్వెళ్లి తిను. నాకోసం కూర్చోకు. మిగతావి రేపు మాట్లాడుకుందాం."

"సరే" అంది మామ్మ.

టైలరమ్మకి నవ్వొచ్చింది. పక్కకి తిరిగితే మామ్మ కళ్లు మూసుకుని ఉంది. నవ్వు అక్కడే ఆగిపోయింది.

ఛైర్మన్ పోయాడు. "ఏడాది తర్వాత" అని పడింది. గొడుగు కింద ఇద్దరూ కలుసుకున్నారు. ముందుకి జరపమని మామ్మ అనలేదు. టైలరమ్మ తృప్తిగా ఏడ్చి, కొలతల టేపు మెడలోంచి తీసి, టీవీ కట్టేసింది.

"అయినా మామ్మా, కథంతా అయ్యేదాకా నువ్వు తలెత్తి తెరవైపు చూసిందే లేదు. ఆ ముసలాయన నల్లగా ఉంటాడో తెల్లగా ఉంటాడో కూడా తెలీదు నీకు. ఏం చూసి ఇంత అభిమానం?"

మామ్మ కాజాకి ఆఖరి ముడి వేసింది. దారం పంటితో తెంపి, చొక్కా మడత పెట్టింది.

"ఆ గొంతు మా ఆయనది."